‘ఉందండి’ అన్న మిషన్

రాజమండ్రిలో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం వారం వారం టెక్నాలజీ కాలమ్ రాశాను. ఇప్పుడా పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మేడమ్, టెక్నాలజీ మీద రాయాలంటే ఏం చదవాలండి?" అని అడుగుతుంటారు. ఏం చదవాలో వాళ్ళకే నాకంటే బాగా తెలుసు. ఆ పని లోపల ఎలా ఉంటుందో మాత్రం నేను చెప్పగలను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, రాకపోవడానికి చెప్పిన కారణాలు చాలా ఎక్కువ.

కాలమ్ నా నెత్తిన పడిన విధం

నాకు సైన్సు డిగ్రీ లేదు. చదివింది తెలుగు ఎం.ఏ. మా నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు కాబట్టి, సెలవుల్లో ఖాళీగా కూర్చోనివ్వకుండా హిందీ పరీక్షలన్నీ రాయించారు. అంతకుమించి నా దగ్గర సరుకేమీ లేదు.

చేరిన కొత్తలో ఒకరోజు ఆఫీసు ప్రింటరు కాగితం మింగేసి ఆగిపోయింది. పెళ్ళిలో పప్పు మాడిపోయినప్పుడు పెట్టే ముఖాలు పెట్టుకుని అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. నేను వెనక మూత తీసి, ఇరుక్కున్న కాగితం పట్టి లాగేశాను. మా ఎడిషన్ ఇన్‌చార్జి మూర్తి గారు అదంతా అద్దాల గదిలోంచి చూశారు.

"సుగుణ గారూ, మీకు మిషన్లు తెలుసు కదండీ. ఈ టెక్నాలజీ కాలమ్ మీరే చూసుకోండి," అన్నారు సాయంత్రం.

"కాగితం లాగానండి, అంతే," అన్నాను.

"మిగతావాళ్ళకి అది కూడా రాలేదు కదా," అన్నారాయన.

నిజం చెప్పాలంటే, పత్రికల్లో టెక్నాలజీ నిపుణులు చాలామంది ఇలాగే పుడతారు. పక్కవాడికంటే ఒక్క మూత ఎక్కువ తీయగలిగితే చాలు. ఈ సంగతి గుర్తుంటే మీరు రాసేదాంట్లో గొంతు కొంచెం తగ్గుతుంది. తగ్గడం మంచిదే.

రెండు రకాల వార్తలు

మూర్తి గారు మంచి మనిషి. భాష మీద పట్టున్నవారు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెళ్ళేవారు. అయితే ఆయన లెక్కలో సాంకేతిక వార్తలు రెండే రకాలు. ఒకటి ‘వచ్చేస్తోంది’. రెండోది ‘జాగ్రత్త’. ప్రపంచంలో ఏ కొత్త వస్తువు పుట్టినా మొదట ‘వచ్చేస్తోంది’లో పడేది. కొన్నాళ్ళకి అదే వస్తువు ‘జాగ్రత్త’లోకి మారేది. ఈ రెండింటికీ మధ్య అది జనం చేతుల్లో పడి ఏమైందో రాద్దామంటే పేజీలో చోటు ఉండేది కాదు.

"ఇందులో వార్తేముందండి? వాడుకుంటున్నారు, అంతే కదా," అనేవారు.

నేను రాయాలనుకున్నదంతా ఆ ‘వాడుకుంటున్నారు, అంతే కదా’లోనే ఉండేది. కృత్రిమ మేధ వచ్చాక ఆయన పని ఇంకా సులువైంది. ఒకే వారం ‘ఉద్యోగాలు ఇస్తుంది’ అని ఒకటి, ‘ఉద్యోగాలు మింగేస్తుంది’ అని మరొకటి వచ్చేవి. రెండూ నేనే రాశాను. రెండూ ఎక్కడో ఎవరో పెద్దమనిషి అన్న మాటలే. ఆ పెద్దమనిషికైనా తెలుసో లేదో నేను అడగలేదు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న అసలు పాఠం ఒకటుంది. ప్రతి సాంకేతిక కథనంలోనూ చివర ఒక పేరా ఉంటుంది. అది ‘అయితే’ అని మొదలవుతుంది. ‘అయితే ఇది తప్పులు చేసే అవకాశం ఉంది’, ‘అయితే దీన్ని ఇంకా ఎవరూ పరీక్షించలేదు’. వార్తలో నిజమంతా ఆ పేరాలోనే ఉంటుంది. రాత్రి ఏడింటికి ప్రకటన ఒకటి వస్తుంది, ఆవకాయ జాడీలదో, ఆషాఢం చీరలదో. చోటు కావాలి. కింద నుంచి కోసుకుంటూ రావడం డెస్కు అలవాటు. ముందు పోయేది ‘అయితే’. నా సర్వీసులో ఎన్ని ‘అయితే’లు జాడీల కింద పోయాయో దేవుడికే తెలుసు. అందుకే చెబుతున్నాను, మీ ‘అయితే’ని రెండో పేరాలో పెట్టండి. అక్కడైతే కత్తెర అంత తొందరగా పడదు.

మేము, మా మర్యాద

ఇప్పుడు మా గోదావరి జిల్లాల సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మా వాళ్ళు ఎదుటి మనిషి ముఖం మీద ‘లేదు’ అనరు. ‘తెలియదు’ అని అసలే అనరు. అంటే వచ్చినవాళ్ళని చిన్నబుచ్చినట్టు లెక్క. ఒకసారి పూతరేకుల మీద కథనం కోసం ఆత్రేయపురం వెళ్ళాను. నాకు కావలసిన ఇంటికి దారి అడిగితే ఒకాయన, "తిన్నగా వెళ్ళి ఎడమవైపు తిరగండి" అన్నాడు. నేను కదలబోతుంటే, "ఎండలో మీకెందుకండీ ఇబ్బంది, నేనే వస్తాను" అని బండి తీసి ముందు దారితీశాడు. చాలాసేపు తిరిగాం. కాలవ రెండుసార్లు దాటాం. ఆఖరికి ఆయనే ఒక కిళ్ళీ కొట్టు దగ్గర ఆగి, నేను అడిగిన ఇల్లు ఎక్కడని అడిగాడు. ఆ కొట్టాయన కూడా ఎంతో నమ్మకంగా చెయ్యి చాపి చూపించాడు. కోపం రాలేదు, ఎందుకంటే అప్పటికే ఇద్దరూ నాకు కొబ్బరి బొండం ఇప్పించేశారు.

అయితే మా మధ్య దీనితో పెద్ద నష్టం లేదు. దర్జీ, "రేపు ఇచ్చేస్తానండి" అంటూ తల గోక్కున్నాడంటే జాకెట్టు వచ్చే వారమే అని మాకు తెలుసు. "చూద్దామండి" అంటే లేదని. "తప్పకుండానండి" అని కిందకి చూస్తే అసలు లేదని. మాట ఒకటి, దాని పక్కన మనిషి చేసేది ఇంకొకటి. పుట్టినప్పటి నుంచి రెండూ కలిపి వింటాం కాబట్టి బతికిపోతున్నాం.

చాట్‌బాట్‌తో మొదటిసారి మాట్లాడినప్పుడు నాకు మా ఊరివాళ్ళతో మాట్లాడినట్టే అనిపించింది. అంత మర్యాద. అడిగినదేదీ తెలియదనదు. మా చర్చి పాస్టర్ గారు ఒక ఆదివారం దానిచేత ప్రసంగం రాయించుకున్నారు. ‘మంచు కప్పిన మన ఇళ్ళ పైకప్పులు’ అని మొదలైంది. రాజమండ్రిలో, నడి వేసవిలో, ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నప్పుడు. ప్రసంగం అయ్యాక అందరూ వరసగా వెళ్ళి, "చాలా బాగుందండి" అన్నారు. నేను కూడా అన్నాను.

కడియం కథ

నా సర్వీసు చివరి ఏడాది. మూర్తి గారికి ‘మన జిల్లాలో కృత్రిమ మేధ’ అని ఒక కథనం కావలసి వచ్చింది. కడియంలో వీర్రాజు గారని ఒక నర్సరీ రైతు, ఆయన అల్లుడు కిశోర్ కలిసి ఏదో పెట్టారని తెలిసి వెళ్ళాను.

వీర్రాజు గారు నలభై ఏళ్ళుగా మొక్కలు పెంచుతున్న మనిషి. ఆయన లారీలు రాజస్థాన్ దాకా వెళ్తాయి. దేశంలో ఏ మూల నుంచి ఫోన్ వచ్చినా ఆయన జవాబు ఒకటే: "ఉందండి, పంపిస్తామండి." తన దగ్గర లేకపోతే పక్క నర్సరీలో తెచ్చి పంపేవారు. అక్కడా లేకపోతే అంటు కట్టించేవారు. అలా అప్పటిదాకా ఆ ‘ఉందండి’ ఎప్పుడూ అబద్ధం కాలేదు.

పెద్దాయనకి ఫోన్లు పట్టుకోవడం కష్టమవుతోందని కిశోర్ ఒక చాట్‌బాట్ తయారుచేశాడు. అది మామగారి పేరుతో, ఆయన ఫొటోతో, అన్ని భాషల్లో కొనేవాళ్ళతో మాట్లాడుతుంది. దానికి పాఠంగా మామగారు ఇన్నేళ్ళుగా పంపిన మెసేజ్‌లన్నీ పెట్టాడు.

"అచ్చం మావయ్య గారిలాగే మాట్లాడుతుందండి," అన్నాడు గర్వంగా.

కథనం రాశాను. మూర్తి గారు ‘కడియంలో నిద్రపోని నర్సరీ’ అని శీర్షిక పెట్టారు. ‘అయితే లేని మొక్కని ఉందని చెబితే ఎవరు చూసుకుంటారన్నది తేలలేదు’ అనే చివరి పేరా ఒక బిర్యానీ హోటల్ ప్రారంభోత్సవం కింద పోయింది. మిగిలింది పొగడ్త. కిశోర్ ఆ కటింగ్‌ని హిందీలోకి మార్చి, నా పేరుతో సహా కొనేవాళ్ళందరికీ పంపాడు.

వానలు మొదలైన కొత్తలో వీర్రాజు గారి నుంచి ఫోన్ వచ్చింది.

"సుగుణ గారండీ, మీకు ఖాళీ ఉంటే ఒకసారి రాగలరా అండి. మీరే రాశారు కదండీ. హిందీ కూడా వచ్చన్నారు."

వెళ్ళాను. మొక్కలకి నీడ కోసం కట్టిన గ్రీన్ నెట్ కింద కుర్చీలో కూర్చుని ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. అందులో ఒక వీడియో. మధ్యప్రదేశ్‌లో ఎక్కడో చిన్న ఊరి బడి. పిల్లలు పలుగులతో, గరిటెలతో, ఒకడైతే స్టీలు గ్లాసుతో, ఆవరణంతా గోతులు తీస్తున్నారు. ప్రతి గోతి పక్కనా ఒక చెక్క. దాని మీద పిల్లవాడి పేరు, నీలం రంగుతో వేసిన గులాబీ బొమ్మ.

ఆ బడి హెడ్మిస్ట్రెస్ ఎక్కడో నీలి గులాబీ బొమ్మ చూశారు. అదీ మిషన్ గీసిందే. ఇది మీ దగ్గర ఉందా అని మన బాట్‌ని అడిగారు. అది హిందీలోనే ‘ఉందండి’ అంది, ‘పంపిస్తామండి’ అంది, ‘పిల్లలకి మా నమస్కారాలు చెప్పండి’ అని కూడా అంది. ఆవిడ పిల్లలకి మాట ఇచ్చేశారు.

"నీలి గులాబీ ఉంటుందా అండి?" అని అడిగాను.

"ఉండదండి," అన్నారు వీర్రాజు గారు. అడిగింది నేను కాబట్టి అనగలిగారు.

కిశోర్ ఒక ఉపాయం చెప్పాడు. "తెల్ల గులాబీ పంపేద్దామండి మావయ్య గారూ. నీలం ట్యాగ్ కడదాం. లారీ ఎక్కేటప్పుడు పువ్వుండదు కదా. పూసేసరికి వానాకాలం అయిపోతుంది. అప్పుడడిగితే అక్కడి మట్టి తేడా అందాం."

ఈ ‘మట్టి తేడా’ నర్సరీ వ్యాపారంలో పాత మందు. మట్టి మీద నింద వేస్తే అది ఎదురు చెప్పదు. పువ్వు లేని మొక్కకి రంగంటే అమ్మేవాడి మాటే. ఆ మాట మీదే కడియం లారీలు దేశమంతా తిరుగుతున్నాయి. వీర్రాజు గారు అల్లుడి వైపు చూడకుండా వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.

"గోతులు బాగా తీశారండి పిల్లలు. లోతు సరిపోయింది," అన్నారు. "వీళ్ళు రోజూ నీళ్ళు పోస్తారు. మొగ్గ వేసిందగ్గర నుంచి చూస్తూ కూర్చుంటారు. అది తెల్లగా విచ్చుకుంటుంది. మట్టి తేడా అని ఆ పిల్లలకి ఎవరు చెప్తారయ్యా?"

కిశోర్ తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. మామగారి పేరు పోకుండా చూడాలన్నదే అతని బాధ కూడా.

"అయితే లేదని చెప్పేయండి," అన్నాను.

ఇద్దరూ నా వైపు, చేపల పులుసులో పంచదార వెయ్యమన్నట్టు చూశారు.

"బాట్ చేతే చెప్పిద్దామండి," అన్నాడు కిశోర్. టైపు చేశాడు. అది వెంటనే జవాబు తయారుచేసింది: ‘క్షమించండి, నీలి గులాబీ ప్రస్తుతం లేదు. వచ్చే వారం తప్పకుండా పంపిస్తామండి.’

మళ్ళీ గట్టిగా చెప్పాడు, ఎప్పటికీ ఉండదని రాయమని. ‘నీలి గులాబీ ఎప్పటికీ ఉండదండి. మీకోసం ప్రత్యేకంగా తెప్పిస్తాము’ అని రాసింది.

వీర్రాజు గారు చాలాసేపు ఆ అక్షరాలు చూశారు. "ఇది అచ్చం నాలాగే ఉందేంటండి?" అన్నారు.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వారు, కానీ ఎక్కువసేపు నవ్వలేదు.

నా కాలమ్ జీవితంలో ఈ యంత్రాల మీద నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఏదైనా ఉందంటే అది ఆ నెట్ కిందే ఏర్పడింది. మిషన్‌కి దురుద్దేశం లేదు. మన దగ్గర మాటలు నేర్చుకుంది, మాట పక్కన తల గోక్కోవడం నేర్చుకోలేదు. వీర్రాజు గారి ‘ఉందండి’ వెనక పక్క నర్సరీకి పరుగులు, అంటు కట్టించడం, నలభై ఏళ్ళ తిప్పలు ఉన్నాయి. దాని ‘ఉందండి’ వెనక ఇంకో ‘ఉందండి’ తప్ప ఏమీ లేదు. అవతల ఆవిడకి ఆ తేడా తెలిసే దారి లేదు. ఫొటోలో పెద్దాయన ముఖం ఉంది, కింద నా పేరుతో కటింగ్ ఉంది.

ఫోన్

చివరికి ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టి నా చేతికిచ్చారు. ఆయన చెబితే నేను హిందీలో అనాలి. ఇదీ ఒప్పందం.

"మేడమ్ గారు భోంచేశారేమో అడగండి," అన్నారు వీర్రాజు గారు.

అడిగాను. చేశారట.

"అక్కడ వానలు పడ్డాయా అడగండి."

పడ్డాయట. మొక్కలెప్పుడొస్తాయని ఆవిడ అడిగారు. పిల్లలు రోజూ గేటు దగ్గరకెళ్ళి లారీ కోసం చూస్తున్నారట.

ఇది తెలుగులో చెప్పాను. ఆయన నుదురు తుడుచుకున్నారు.

"నీలం కొంచెం కష్టంగా ఉందని చెప్పండి."

"కొంచెం కష్టం అంటే ఆవిడకి కొంచెం ఆలస్యం అని అర్థమవుతుందండి," అన్నాను.

"పోనీ, చూద్దామనండి."

"చూద్దామంటే చూస్తూ కూర్చుంటారండి పాపం. ఆవిడది మన జిల్లా కాదు."

అవతల నుంచి ఆవిడ ‘హలో, హలో’ అంటున్నారు. నాకు చిరాకేసింది. ‘లేదు’ అనే ఒక్క మాట నేనే అనేయగలను. హిందీలో ఇంకా చిన్న మాట అది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది ఆయన అనాల్సిన మాట. నేనంటే మళ్ళీ ఇంకొకరు ఆయన బదులు మాట్లాడినట్టే అవుతుంది. ఫోన్ ఆయన చేతిలో పెట్టేశాను.

వీర్రాజు గారు లేచి నిలబడ్డారు. ఆయనకి వచ్చిన హిందీ అంతా లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నది.

"మేడమ్ జీ," అన్నారు. "నీలా గులాబ్ నహీ హై. హమారా పాస్ నహీ హై. దునియా మే నహీ హై. హమారా మిషన్ ఝూట్ బోలా." నీలి గులాబీ లేదు, మా దగ్గరే కాదు, లోకంలోనే లేదు, మా మిషన్ అబద్ధం చెప్పింది అని.

ఆవిడ నెమ్మదిగానే అన్నారు, కానీ ప్రతి మాటా తగిలేలా అన్నారు. ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే నేను పిల్లలకి చెప్పేదాన్ని కాదు కదా, ఇప్పుడు వాళ్ళకి నేనేం చెప్పాలి అని. నేను తెలుగులో చెప్పబోతే వీర్రాజు గారు వద్దని చెయ్యి ఊపారు. ఆయనకి అర్థమైంది.

ఆఖరికి ఆవిడే అడిగారు, "మరి మీ దగ్గర ఏముంది?"

ఆయన ముఖం చూడాల్సింది. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదనుకుంటాను. అందరూ తమకేం కావాలో చెప్పినవాళ్ళే. ఎర్ర గులాబీ ఉంది, నాటు రకం, అక్కడి ఎండకి తట్టుకుంటుంది, వాసన బాగుంటుంది, తొందరగా పూస్తుంది అని తెలుగూ హిందీ కలిపేసి చెప్పారు. ఆవిడ నమ్మకం లేని గొంతుతో, "ఎరుపు, ఖాయమేనా?" అన్నారు.

"లాల్ జీ. లాల్ హీ ఆయేగా," అన్నారాయన. ఎర్రగానే పూస్తుందని.

లారీ ఆ మర్నాడే వెళ్ళింది. కిశోర్ బాట్‌ని తీసేయలేదు, కానీ ఇప్పుడది ప్రతి ప్రశ్నకీ ‘పెద్దాయనని అడిగి చెబుతాను’ అంటుంది. అలా మార్చడానికి అతనికి చాలా రోజులు పట్టిందట. పెద్దాయనకి ఫోన్లు మళ్ళీ పెరిగాయి. ఈ కథ కాలమ్‌గా రాసిస్తే మూర్తి గారు, "ఇది వచ్చేస్తోందా, జాగ్రత్తా?" అని అడిగి పక్కన పెట్టారు. అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మీరు చదువుతున్నది అదే, కొంచెం పెంచాను.

నేను రిటైరయ్యాక, చలికాలం వస్తుండగా, వీర్రాజు గారు మళ్ళీ పిలిచారు. బడి నుంచి ఫొటో వచ్చింది. పిల్లలు వరసగా నిలబడ్డారు. వాళ్ళ ముందు గులాబీలు, నిండుగా, ఎర్రగా.

ఆయన ఫోన్‌ని వెలుతురు వైపు తిప్పారు, దగ్గరకి తెచ్చుకున్నారు, రెక్కలు పెద్దవి చేసి చూశారు. తర్వాత నా చేతికిచ్చారు.

"సుగుణ గారండీ, ఇది నిజం ఫొటోయేనా?"

ఇన్నేళ్ళు టెక్నాలజీ రాసినదాన్ని. మిషన్ గీసిన ఫొటోల్లో తప్పులు దొరికే చోట్లన్నీ వెతికాను, పిల్లల వేళ్ళు చూశాను, నీడలు చూశాను, ఆకుల అంచులు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈ రోజుల్లో అన్నీ సరిగ్గానే ఉంటాయి.

"నాకు తెలియదండి," అన్నాను.

ఆయన ఆ బడికే ఫోన్ చేశారు. ఈసారి నన్ను మధ్యలో ఉండమనలేదు. ఏ రంగు పూసిందని అడిగి, విన్నారు. అవతల పిల్లల గోల నాకు కూడా వినబడింది. ఫోన్ పెట్టేసి, నెట్ కింద మొక్కల ప్లాస్టిక్ పాకెట్లలో మట్టి నింపుతున్న వాళ్ళందరికీ వినబడేలా చెప్పారు.

"ఎరుపేనంటండి. ఆవిడే చెప్పారు."